తిరిగి లభించిన చేతులు: పునర్నిర్మాణ శస్త్రచికిత్సలో పరిశోధన, శిక్షణ

అన్నం కలిపి ముద్ద చేయడానికి, బొత్తాం పెట్టుకోవడానికి, కలం పట్టడానికి, కొడవలి తిప్పడానికి, ఎదుటివారికి నమస్కరించడానికి మనిషి రోజుకు ఎన్నిసార్లు తన చేతిని వినియోగిస్తాడో అతనికే తెలియదు. ఆ చేతివేళ్ళు పక్షిగోళ్ళవలె లోపలికి ముడుచుకొనిపోతే ప్రతి చిన్న పనీ ఒక పరీక్షగా మారుతుంది. కుష్ఠు వ్యాధి సోకినవారిలో కొందరికి సంభవించే దుస్థితి ఇదే. వ్యాధి మందులతో నయమైన తరువాత కూడా వంకరపోయిన వేళ్ళు అలాగే మిగిలిపోతాయి. రోగి శరీరంలో క్రిములు ఉన్నవో లేవో లోకానికి కనిపించదు. కనిపించేవి ఆ వేళ్ళే. వాటిని చూసి పని ఇచ్చేవారు వెనుదీస్తారు, ఊరు దూరం పెడుతుంది, ఒక్కొక్కప్పుడు సొంత ఇంటి తలుపు సైతం మూసుకొంటుంది.

ఇటువంటి చేతులను మళ్ళీ తెరిపించే విద్య మన దేశంలోనే, ఇరవయ్యవ శతాబ్దపు నడిమి కాలంలో, రాయవేలూరు పరిసరాలలో రూపుదిద్దుకొన్నది. అక్కడి నుంచి అది ఆసియా, ఆఫ్రికా ఖండాలకు వ్యాపించింది. శస్త్రవైద్యుని నేర్పు ఒక్కటే ఈ విజయానికి కారణం కాదు. ఒక ప్రశ్నను వదలక వెంబడించిన పరిశోధన, వైద్యుని మొదలు చెప్పులు కుట్టే పనివాని వరకు అందరికీ లభించిన శిక్షణ, అన్నిటినీ మించి రోగి స్వయంగా సాధించిన అభ్యాసం కలిసి ఆ ఫలితాన్ని ఇచ్చాయి.

ప్రాచీన విద్య, నూతన శాస్త్రం

ప్లాస్టిక్ సర్జరీ అనే మాట వినగానే పలువురికి నేటి ప్లాస్టిక్ వస్తువులు స్ఫురిస్తాయి. నిజానికి ఆ మాట గ్రీకు భాషలో మలచడం, రూపమివ్వడం అనే అర్థం గల ధాతువు నుంచి పుట్టింది. కుమ్మరి మట్టిని మలచినట్లు శరీరంలోని చర్మాన్ని, కండను, ఎముకను మలచి, పోయిన రూపాన్నీ పోయిన పనినీ తిరిగి కల్పించడం ఈ శాఖ లక్ష్యం. అందానికి సంబంధించిన చికిత్స ఇందులో ఒక భాగం మాత్రమే. కాలిన గాయాలు, పుట్టుకతో వచ్చిన గ్రహణపు మొర్రి, ప్రమాదాలు, యుద్ధాలు, వ్యాధులు కలిగించిన వైకల్యాలను సరిదిద్దడం దీని ప్రధాన కర్తవ్యం. దీనినే పునర్నిర్మాణ శస్త్రచికిత్స అంటారు.

ఈ విద్యకు మన దేశంలో ప్రాచీన చరిత్ర ఉన్నది. తెగిన ముక్కును, చీలిన చెవితమ్మెను బాగుచేసే పద్ధతులను సుశ్రుతసంహిత వర్ణించింది. శిష్యుడు మనిషి శరీరంపై కత్తి పెట్టడానికి పూర్వం సొరకాయ, పుచ్చకాయ, దోసకాయ వంటి వాటిపై కోతలు అభ్యసించాలనీ, కట్లు కట్టడాన్ని బొమ్మలపై నేర్వాలనీ ఆ గ్రంథం విధించింది. శిక్షణ లేని చికిత్స ప్రమాదకరమన్న ఎరుక అప్పటికే ఉన్నదన్నమాట. కాలక్రమంలో ఈ విద్య శాస్త్రగ్రంథాల నుంచి కొన్ని కుటుంబాల చేతిపనిగా మిగిలింది. మైసూరు యుద్ధకాలంలో ముక్కు కోల్పోయిన ఒక బండివానికి పూనా సమీపంలో నుదుటి చర్మంతో కొత్త ముక్కు అమర్చిన వృత్తాంతాన్ని 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్మన్స్ మ్యాగజైన్ ప్రచురించింది. దాని ప్రేరణతో జోసెఫ్ కార్ప్యూ అనే ఆంగ్ల వైద్యుడు 1814లో లండన్‌లో ఆ శస్త్రచికిత్సను నిర్వహించారు. మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు హెరాల్డ్ గిల్లీస్ చేసిన చికిత్సలతో ఈ శాఖ ఆధునిక వైద్యంలో స్థిరపడింది.

అయితే ఇంత అనుభవమూ కుష్ఠురోగి దరికి చేరలేదు. అతని శరీరంపై కత్తి పెడితే గాయం మానదనీ, అతని మాంసం తనంతట తానే కుళ్ళి రాలిపోతుందనీ వైద్యలోకం సైతం నమ్ముతూ వచ్చింది. సాధారణ ఆస్పత్రులు అతనిని చేర్చుకొనేవి కావు.

ఒక చేతి పట్టు

ఈ నమ్మకాన్ని ప్రశ్నించినవారు డాక్టర్ పాల్ బ్రాండ్. ఆయన 1914లో నేటి తమిళనాడులోని కొల్లిమలైలో ఆంగ్ల మిషనరీ దంపతులకు జన్మించారు. వైద్యవిద్యకు ముందు ఇంగ్లండులో కొన్ని సంవత్సరాలు వడ్రంగం, తాపీపని నేర్చారు. తరువాత శస్త్రవైద్యులై, యుద్ధకాలంలో లండన్‌లో క్షతగాత్రులకు చికిత్స చేసి, 1946లో రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. చిత్తూరు సీమకు చేరువలో ఉన్నందున ఆ ఆస్పత్రి తెలుగువారికి తరతరాలుగా పరిచితమే.

కుష్ఠువ్యాధి నిపుణులైన డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ 1947లో ఆయనను చెంగల్పట్టులోని కుష్ఠురోగుల చికిత్సాలయానికి తీసుకొని వెళ్ళారు. అక్కడ వేళ్ళు ముడుచుకొనిపోయిన చేతులు వరుసగా కనిపించాయి. వాటికి ఏ చికిత్స చేస్తున్నారని బ్రాండ్ అడిగితే, ఎముకల వైద్యులలో ఎవరూ ఇంతవరకు ఆ వైపు చూడలేదన్నదే సమాధానం. ఆయన ఒక రోగి చేతిలో తన చేయి ఉంచి గట్టిగా నొక్కమన్నారు. బలం ఉడిగినదనుకొన్న ఆ చేయి నొక్కిన నొక్కుకు ఆయనకు బాధ కలిగింది. చేయి అంతా చచ్చుబడి ఉంటే అంతటి పట్టు ఎక్కడిది? కొన్ని కండరాలు పూర్తి శక్తితో పనిచేస్తున్నాయనడానికి అదే నిదర్శనం. మిగిలిన పరిశోధన అంతా ఆ ప్రశ్న నుంచే బయలుదేరింది.

పరిశోధన వెల్లడించిన సత్యాలు

బ్రాండ్, ఆయన సహచరులు రోగుల చేతులలో ఏ కండరం పనిచేస్తున్నదో, ఏది చచ్చుబడినదో, ఏ చోట స్పర్శ పోయినదో ఒక్కొక్కటిగా పరీక్షించి నమోదు చేశారు. మరణించిన రోగి శరీరంలోని నరాలను కోసి చూశారు. క్రమంగా ఒక పద్ధతి బయటపడింది. కుష్ఠుక్రిమి శరీరంలో చల్లగా ఉండే భాగాలను ఆశ్రయిస్తుంది. అందువల్ల నరాలు చర్మానికి చేరువగా వచ్చే చోట్ల, అంటే మోచేతి వెనుక, మణికట్టు పైన, మోకాలి పక్కన, చీలమండ దగ్గర, ముఖంపైన అవి దెబ్బతింటాయి. మోచేయి దేనికైనా తగిలినప్పుడు జివ్వుమనే నరం అందరికీ అనుభవమే. వ్యాధి ముఖ్యంగా పట్టుకొనేది దానినే.

మోచేతికి కొద్ది పైన దెబ్బతిన్న ఆ నరం, అరచేతిలోని చిన్న కండరాలకు ఆజ్ఞలు అందించలేదు. ముంజేతిలోని పెద్ద కండరాలలో పలువాటికి మాత్రం వేరే నరాలు ఉన్నందున వాటి బలం చెక్కుచెదరదు. చేతి పట్టులోని రహస్యం ఇదే. వేళ్ళను మొదటి కణుపు వద్ద వంచుతూ, చివరి కణుపుల వద్ద చాచి ఉంచడం చిన్న కండరాల పని. గుడారానికి ఒకవైపు తాళ్ళు తెగితే రెండవవైపు తాళ్ళు దానిని ఈడ్చివేసినట్లు, చిన్న కండరాలు పనిమానగానే పెద్ద కండరాలు వేళ్ళను తమ వైపు లాగి ముడిచివేస్తాయి.

రెండవ సత్యం ఇంతకంటె ముఖ్యమైనది. వేళ్ళు కురచబడడానికి మాంసం కుళ్ళడం కారణం కాదు. నొప్పి తెలియకపోవడమే కారణం. నొప్పి తెలియని బాలుడు తుప్పుపట్టిన తాళంలో తాళపుచెవిని వేలు తెగేదాకా తిప్పగలడు. నిప్పులలో పడిన దుంపను చేతితోనే బయటికి తీయగలడు. రాత్రి నిద్రలో ఎలుకలు వేలు కొరికినా మెలకువ రాని రోగులు ఉన్నారని తెలిసినప్పుడు, రాయవేలూరులో వారికి పిల్లులను ఇచ్చి పెంచుకోమన్నారు. గాయాన్ని గుర్తించి విశ్రాంతి ఇస్తే, ఈ రోగుల పుండ్లు ఇతరుల పుండ్లవలెనే మానుతాయి. అంటే శస్త్రచికిత్స చేసిన గాయమూ మానుతుంది. శతాబ్దాల అపోహ ఈ విధంగా తొలగిపోయింది.

కండరానికి కొత్త పని

కండరాన్ని ఎముకకు తగిలించే తెల్లని గట్టి తాడువంటి భాగాన్ని స్నాయువు అంటారు. చచ్చుబడిన కండరానికి ప్రాణం పోయడం సాధ్యం కానప్పుడు, బలంగా ఉన్న మరొక కండరపు స్నాయువును తప్పించి, ఆ పనికి నియోగించవచ్చు. పోలియో, యుద్ధగాయాల చికిత్సలో ఈ పద్ధతి అప్పటికే వాడుకలో ఉన్నది. దానిని కుష్ఠురోగి చేతికి అనువుగా మలచడం రాయవేలూరు పరిశోధనలోని విశేషం.

ప్రతి వేలిని వంచడానికి రెండేసి స్నాయువులు ఉంటాయి. అన్నదమ్ములిద్దరిలో ఒకరిని పొరుగూరి పనికి పంపినట్లు, వాటిలో ఒకదానిని విడిపించి, నాలుగు పోగులుగా చీల్చి, అరచేతి లోపలి మార్గాన నాలుగు వేళ్ళకూ అమర్చడం మొదట అనుసరించిన విధానం. తరువాత బ్రాండ్ మణికట్టును పైకెత్తే కండరాలలో ఒకదానిని ఇందుకు వినియోగించారు. ఆ పనికి ఒకటికంటె ఎక్కువ కండరాలు ఉన్నందున ఒకటి తగ్గినా లోపం తెలియదు. దాని స్నాయువు వేళ్ళ వరకు అందదు కనుక పిక్కలోని సన్నని స్నాయువును తీసి అతుకుతారు. కొత్త స్నాయువు చుట్టూ మచ్చకట్టి అతుక్కొనిపోతే అది జారదు, వేలు కదలదు. అందువల్ల కండను ఎక్కువగా కోయకుండా మెత్తని కొవ్వుపొరలో దారి చేసుకొని పోయే మొద్దుమొన గల పొడవాటి పనిముట్టును ఉపయోగించారు. 1948 నుంచి ఆరంభమైన ఈ కృషి ఫలితాలను బ్రాండ్ 1952లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో హంటేరియన్ ఉపన్యాసంగా వివరించారు.

ఇదే సూత్రంతో, నడిచేటప్పుడు వేలాడే పాదాన్ని పైకెత్తడానికి కాలి వెనుకవైపు స్నాయువును ముందుకు తిప్పుతారు. రెప్ప మూతపడని కంటికి దుమ్ము, ధూళి నుంచి రక్షణ ఉండదు. క్రమంగా చూపు పోతుంది. అటువంటివారికి కణతలో ఉండి దవడను కదిపే కండరం నుంచి ఒక పాయను తీసి రెప్పలకు అమర్చుతారు. ఆపైన రోగి పళ్ళు బిగించినప్పుడల్లా కన్ను మూతపడుతుంది. ముక్కు అణగిపోవడానికి కారణం పైచర్మం కాక, లోపలి పొర నశించి కుంచించుకొనిపోవడమేనని గ్రహించి, పైపెదవి లోపలి నుంచి కోసి, పలుచని చర్మాన్ని లోపల అతికి ముక్కును నిలబెట్టే గిల్లీస్ పద్ధతిని అనుసరించారు. రాలిపోయిన కనుబొమకు బదులు తలపై వెంట్రుకలున్న చర్మాన్ని రక్తనాళంతో సహా తెచ్చి అమర్చేవారు. ఆ కనుబొమ తలజుట్టువలెనే పెరుగుతుంది కనుక అప్పుడప్పుడు కత్తిరించుకోవలసి ఉంటుంది. కానీ కనుబొమలు లేని ముఖం ఊరివారికి వ్యాధిని చాటిచెప్పే గుర్తు. ఆ గుర్తు తొలగడం రోగికి ఎంతటి ఊరటో ఊహించవచ్చు.

రోగి నేర్చుకొనే పాఠం

శస్త్రచికిత్సకు పట్టే సమయం కొద్ది గంటలే. దానికి ముందు, వెనుక జరిగే పని వారాల తరబడి సాగుతుంది. బిగుసుకొనిపోయిన కణుపులను నూనె మర్దనతో, వెచ్చని మైనపు స్నానంతో, బద్దకట్లతో మెత్తబరచనిదే కోత పెట్టరాదు. స్నాయువును మరీ బిగించి కుట్టినా, మరీ వదులుగా కుట్టినా ఫలితం దక్కదు. తరువాత సుమారు మూడు వారాలు చేయి పిండికట్టులో ఉంటుంది.

కట్టు విప్పిన నాటి నుంచి అసలు విద్యాభ్యాసం మొదలవుతుంది. నిన్నటివరకు మణికట్టును ఎత్తిన కండరం నేడు వేళ్ళను కదపాలి. మెదడుకు ఈ మార్పు తెలియదు. మణికట్టు ఎత్తాలని తలచి ప్రయత్నిస్తూ వేళ్ళు కదలడాన్ని కళ్ళతో చూస్తూ, రోగి తన మెదడుకు కొత్త అలవాటు నేర్పాలి. స్పర్శ లేని చేతికి చూపే గురువు. రోజుకు కొద్ది నిమిషాలతో ఆరంభమై ఈ అభ్యాసం క్రమంగా పెరుగుతుంది. దానితోపాటు పొయ్యిమీది గిన్నెను గుడ్డతో పట్టుకోవడం, పనిముట్ల పిడులను లావుగా చుట్టుకోవడం, ప్రతి సాయంకాలం చేతులు కాళ్ళు పరీక్షించుకోవడం నేర్పుతారు. నొప్పి చేసే కాపలా పనిని కన్ను చేయాలి. ఈ పాఠం నేర్వని రోగికి బాగుచేసిన చేయి సైతం కొద్దికాలంలోనే మళ్ళీ పుండ్ల పాలవుతుంది.

కనుక శస్త్రవైద్యునితో సమానంగా వ్యాయామచికిత్స నేర్చినవారి అవసరం ఏర్పడింది. అదేవిధంగా చెప్పులు కుట్టేవారి అవసరమూ కలిగింది. స్పర్శ లేని పాదంపై ఒకే చోట ఒత్తిడి పదేపదే పడడంవల్లనే పుండు పుడుతుందని గ్రహించిన తరువాత, పుండు పడిన పాదానికి పిండికట్టు వేసి మాన్పడం, మానిన పాదానికి తగిన పాదరక్ష ఇవ్వడం చికిత్సలో భాగాలయ్యాయి. సిలోన్‌లో 1930లలోనే మిల్రాయ్ పాల్ పిండికట్టుతో ఇటువంటి పుండ్లను మాన్పారు. సన్నని గాలిగదులతో నిండిన మెత్తని రబ్బరు అట్ట, దానికింద గట్టి అడుగు గల చెప్పులు దక్షిణ భారతంలోని ఈ కేంద్రాలలో తయారయ్యాయి. నొప్పి తెలియని పాదాన్ని గురించి ఇక్కడ నేర్చిన పాఠాలు తరువాత మధుమేహ రోగుల పాదరక్షణకు కూడా ఉపకరించాయి. బ్రాండ్ 1966లో అమెరికాలోని కార్విల్ ఆస్పత్రికి వెళ్ళి ఆ పరిశోధనను కొనసాగించారు.

శిక్షణకు నిలయాలు

రాయవేలూరుకు చేరువలోని కరిగిరిలో 1955లో షెఫెలిన్ కుష్ఠు పరిశోధన చికిత్సాలయం ఆరంభమైంది. వైద్యులు, వ్యాయామచికిత్సకులు, పాదరక్షలు తయారుచేసేవారు, క్షేత్ర కార్యకర్తలు ఒకే ఆవరణలో శిక్షణ పొందడం ఆ సంస్థ ప్రత్యేకత. బ్రాండ్ శిష్యులైన డాక్టర్ ఎర్నెస్ట్ ఫ్రిట్షి ఈ శస్త్రచికిత్సలపై గ్రంథం రచించి, ఒక గురువు చేతిలోని నేర్పును అందరూ అభ్యసించగల పాఠంగా మార్చారు.

ఈ బృందంలో డాక్టర్ మేరీ వర్గీస్ జీవితం మరువరానిది. 1954లో జరిగిన వాహన ప్రమాదంలో ఆమె నడుము నుంచి క్రిందిభాగం చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. అనంతరం అమెరికాలో పునరావాస వైద్యం అభ్యసించి వచ్చి, రాయవేలూరులో ఆ విభాగాన్ని నెలకొల్పారు. 1972లో ఆమెకు పద్మశ్రీ పురస్కారం లభించింది.

బొంబాయిలో డాక్టర్ నోషిర్ అంటియా, గిల్లీస్ వద్ద పొందిన శిక్షణను స్వదేశంలోని కుష్ఠురోగుల సేవకు వినియోగించారు. చెంగల్పట్టు చికిత్సాలయం 1955లో కేంద్ర ప్రభుత్వ బోధన పరిశోధన సంస్థగా మారింది. జపాన్ ప్రజల సహాయంతో ఆగ్రాలో వెలసిన జాల్మా కేంద్రం 1976లో భారత వైద్య పరిశోధన మండలికి అప్పగింపబడింది. తెలుగునాట నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లోనే కుష్ఠు చికిత్సాలయం ఏర్పడగా, హైదరాబాదు సమీపాన కూకట్‌పల్లిలో 1958లో రాణీ కుముదినీదేవి శివానంద పునరావాస కేంద్రాన్ని స్థాపించారు.

ఈ విద్యకు సరిహద్దులు అడ్డు రాలేదు. 1960లో కరాచీ చేరిన జర్మన్ వైద్యురాలు డాక్టర్ రూత్ ఫౌ మరుసటి సంవత్సరం రాయవేలూరు వచ్చి కుష్ఠు చికిత్సలో శిక్షణ పొందారు. తిరిగి వెళ్ళి పాకిస్తాన్ అంతటా కుష్ఠు నివారణ కార్యక్రమాన్ని విస్తరింపజేశారు. 2017లో ఆమె మరణించినప్పుడు ఆ దేశం ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది.

బాగైన చేతికి పని ఏది?

తొలిరోజులలో శస్త్రచికిత్స జరిగి ఊరికి పోయిన కొందరు రోగులు నిరాశతో తిరిగివచ్చారు. వంకర చేతులు చూసి జాలిపడి బిచ్చం వేసినవారు, సరైన చేతులు చూసి వేయడం లేదు. వ్యాధి వచ్చినవాడని తెలుసు కనుక పనీ ఇవ్వడం లేదు. చేతులు బాగుపడినందుకు ఆకలి మిగిలింది. ఈ చేదు అనుభవం వైద్యులకు గొప్ప పాఠం నేర్పింది. 1950ల ఆరంభంలో రాయవేలూరు కళాశాల ఆవరణలో కొన్ని మట్టిగోడల ఇళ్ళతో నవజీవన కేంద్రం వెలసింది. రోగులు అక్కడ వడ్రంగం నేర్చి కొయ్యబొమ్మలు తయారుచేశారు. తాము నేర్చిన వడ్రంగం బ్రాండ్‌కు ఇక్కడ అక్కరకు వచ్చింది. ఏ పనిముట్టు ఏ విధంగా పట్టుకొంటే స్పర్శ లేని చేతికి గాయమవుతుందో ఆ పనిశాలలోనే గమనించి దిద్దుబాట్లు చేశారు. చికిత్స ఆస్పత్రి గడప దగ్గర ముగిసిపోదనీ, మనిషి తన కూడు తాను సంపాదించుకొన్న నాడే పూర్తవుతుందనీ అప్పుడు స్థిరపడింది.

నాటికీ నేటికీ ఎంతో మార్పు వచ్చింది. 1982 నుంచి అమలులోకి వచ్చిన బహుళ ఔషధ చికిత్స వ్యాధిని నిర్ణీత కాలంలో నయం చేస్తున్నది. ఆ మందులు ఉచితంగా లభిస్తున్నాయి. 2005 డిసెంబరు నాటికి జాతీయ స్థాయిలో వ్యాధిగ్రస్తుల సంఖ్య పదివేలమందికి ఒకరికంటె తగ్గింది. రోగులను నిర్బంధంగా వేరుచేయడానికి వీలు కల్పించిన 1898 నాటి చట్టం 2016లో రద్దయింది. కుష్ఠు వ్యాధిని విడాకులకు కారణంగా పేర్కొన్న నిబంధనలను పార్లమెంటు 2019లో తొలగించింది. జాతీయ కార్యక్రమం క్రింద పునర్నిర్మాణ శస్త్రచికిత్సకు వచ్చే పేదలకు ఆర్థిక సహాయం అందుతున్నది.

అయినా దేశంలో ఏటా సుమారు లక్షమంది కొత్తగా ఈ వ్యాధికి లోనవుతున్నారు. స్పర్శ లేని మచ్చను దాచిపెట్టి ఆలస్యం చేసినవారిలో నరాలు దెబ్బతినే అవకాశం ఎక్కువ. దాచడానికి కారణం భయం. భయానికి కారణం వెలి. సకాలంలో వైద్యుని చూస్తే శస్త్రచికిత్స అవసరమే కలుగదు. ఆలస్యమైనవారికి మాత్రం ఈ విద్య నేర్చిన చేతులు దేశంలో తగినన్ని ఉండాలి. వ్యాధి అరుదైన కొద్దీ నేర్చేవారు తగ్గిపోతే, మిగిలిన రోగులకు దిక్కు ఉండదు.

ముడుచుకొన్న వేళ్ళను విప్పడానికి శస్త్రవైద్యుడు, చికిత్సకుడు, చెప్పులు కుట్టేవాడు, రోగి తమ తమ వంతు నెరవేర్చారు. విప్పిన చేతిని అందుకొని, పక్కన కూర్చోబెట్టుకొని, పని ఇవ్వడం సమాజం వంతు. దానికి ఏ శస్త్రమూ అవసరం లేదు.